నువ్వు పెట్టేయ్, నేను చేస్తా: ఫైర్‌వాల్ దాటే డేటాబేస్ నకలు

ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియో ఉందనుకుందాం. పేరు అక్కర్లేదు, ఇది పాఠం కోసం మనం కట్టుకున్న స్టూడియో. నాలుగు గదులు, ఆరు ఎడిటింగ్ మెషీన్లు, ఒక కలర్ గ్రేడింగ్ సూట్, మూలన ఏసీ కింద ఒక సర్వర్. అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ దగ్గర, అదే స్టూడియో వాళ్లు అద్దెకు తీసుకున్న రెండు గదుల ఆఫీసు. అందులో ఇంకో సర్వర్. ఫిల్మ్‌నగర్ సర్వర్‌లో ఉన్న డేటాబేస్‌కి ఎర్రగడ్డలో ఎప్పటికప్పుడు తాజాగా ఉండే నకలు కావాలి. ఇబ్బంది ఏంటంటే, స్టూడియో ఫైర్‌వాల్ బయటి నుంచి ఏ కనెక్షన్‌నీ లోపలికి రానివ్వదు.

డీబీఎంఎస్‌లో రెప్లికేషన్ గురించి రెండు పేజీలు చదివాం. కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో ఫైర్‌వాల్ గురించి ఇంకో రెండు పేజీలు. ఈ రెండూ ఒకే చోట ఎదురుపడితే ఏం చేయాలో మాత్రం ఏ సబ్జెక్టులోనూ లేదు. ప్లేస్‌మెంట్ వచ్చాక మొదటి ఆర్నెల్లలో ఎదురయ్యే పని ఇదే కాబట్టి, ఈసారి సంచికలో కథకి బదులు ఈ పాఠం.

సినిమా ఆఫీసులో డేటాబేస్ ఏంటి?

సినిమా అంటే వీడియో ఫైళ్లు కదా అంటారేమో. కలర్ గ్రేడింగ్‌కి బాగా వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్. నలుగురు ఒకే ప్రాజెక్టు మీద కలిసి పనిచేయాలంటే దాని ప్రాజెక్ట్ సర్వర్ పెట్టుకోవచ్చు. ఆ సర్వర్ మూత తీసి చూస్తే లోపల ఉన్నది మనం ల్యాబ్‌లో వాడే పోస్ట్‌గ్రెస్సే, 5432 పోర్టు మీద. కెమెరా తీసిన ఫుటేజీ అందులో ఉండదు. అది టెరాబైట్లకు టెరాబైట్లు, వేరే స్టోరేజీలో ఉంటుంది. డేటాబేస్‌లో ఉండేవి నిర్ణయాలు. ఏ షాట్‌ని ఎక్కడ కోశారు, ఏ ఫ్రేమ్‌లో ఆకాశం రంగు ఎంత తగ్గించారు, ఏ మార్కర్ దగ్గర ఏ నోట్ రాసుకున్నారు, సబ్‌టైటిల్ ట్రాక్‌లో ఏ డైలాగు ఉంది, ఇవన్నీ.

షూటింగ్ రోజునే ఫుటేజీని రెండు మూడు డ్రైవుల్లోకి కాపీ చేయడం ఈ రంగంలో అలవాటు. నిర్ణయాలకు ఆ అదృష్టం లేదు, అవి తరచూ ఒక్క డిస్క్ మీదే ఉంటాయి. ప్రాజెక్ట్ సర్వర్‌లో టైమ్ పెట్టి బ్యాకప్ తీసుకునే వీలుంది, అది తప్పక వాడాలి. కానీ రాత్రి బ్యాకప్ తీసి, మర్నాడు సాయంత్రం నాలుగింటికి డిస్క్ పోతే ఆ పగలంతా చేసిన గ్రేడింగ్ గాలికి పోయినట్టే. ఒకసారి కుదిరిన రంగు రెండోసారి అచ్చంగా అలాగే కుదరదని ఏ కలరిస్టుని అడిగినా చెప్తారు.

మరి ఫైర్‌వాల్ అంత కఠినంగా ఎందుకు? 2013 సెప్టెంబరు గుర్తు తెచ్చుకోండి. ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు 90 నిమిషాల సినిమా బయటికి వచ్చేసింది. అక్టోబరు 9న రావాల్సిన సినిమాని హడావిడిగా సెప్టెంబరు 27కే విడుదల చేశారు. 2016 నవంబరులో ‘బాహుబలి 2’ నుంచి కొన్ని నిమిషాల యుద్ధ దృశ్యాలు గ్రాఫిక్స్ పని జరుగుతుండగానే ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. హాలీవుడ్ స్టూడియోల సంఘం ఎంపీఏ తన భద్రతా నియమాల్లో, సినిమా పని జరిగే నెట్‌వర్క్‌ని ఇంటర్నెట్ నుంచి విడిగా ఉంచమనే చెప్తుంది. కాబట్టి ఆ గోడని తిట్టుకుంటూ పని మొదలుపెట్టకండి. వందల మంది కష్టం దాని వెనక ఉంది. డేటాబేస్‌లో వీడియో లేదు కదా, పోతే ఏం పోతుంది అనడానికీ లేదు. సబ్‌టైటిల్ ట్రాక్ ఒక్కటి చాలు, కథ మొత్తం తెలిసిపోతుంది.

చిట్టా, ఆవర్జా

నకలు ఎలా తయారవుతుందో ముందు చూద్దాం. పాతకాలం కొట్లో రెండు పుస్తకాలు ఉండేవి. లావాదేవీ జరిగిన వెంటనే వరుసగా రాసేది చిట్టా. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతా వాళ్లకి విడదీసి ఎక్కించేది ఆవర్జా. పోస్ట్‌గ్రెస్ చేసేది ఇదే. టేబుళ్లు ఆవర్జా. ఏ మార్పు అయినా టేబుల్‌లోకి వెళ్లే ముందే ఒక లాగ్‌లో వరుసగా రాస్తుంది, అది చిట్టా. పుస్తకాల్లో దాని పేరు రైట్ అహెడ్ లాగ్, ముద్దుగా ‘వాల్’. ఫైర్‌వాల్‌లో వాల్ వేరు, ఈ వాల్ వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోతున్నాయి కాబట్టి ఇక్కడి నుంచి చిట్టా అనే అంటాను.

చిట్టా ఉంటే ఆవర్జాని ఎక్కడైనా మళ్లీ రాసుకోవచ్చు. ఎర్రగడ్డ సర్వర్ చేసేది అదే. మొదట ఒకసారి మొత్తం డేటాబేస్‌ని కాపీ చేసుకుంటుంది. ఆ తర్వాత ఫిల్మ్‌నగర్ చిట్టాలో పడిన ప్రతి వరుసనీ తెప్పించుకుని తన దగ్గర ఎక్కించుకుంటుంది. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ దీన్ని ఆగకుండా ప్రవాహంలా చేస్తోంది. అందుకే స్ట్రీమింగ్ రెప్లికేషన్ అని పేరు. మూలం ఉన్న సర్వర్‌ని ప్రైమరీ అనీ, నకలు ఉన్నదాన్ని స్టాండ్‌బై అనీ అంటారు.

ఇక్కడే అసలు చిక్కు. చిట్టా ఫిల్మ్‌నగర్ నుంచి ఎర్రగడ్డకి ప్రవహిస్తుంది, అంటే లోపలి నుంచి బయటికి. కానీ ఆ ప్రవాహం మొదలవడానికి కనెక్షన్ అడిగేది ఎర్రగడ్డ. స్టాండ్‌బై ప్రైమరీకి ఫోన్ చేసి ‘చిట్టా చెప్పు’ అంటుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ అంతే, పోర్టు 3306 అవుతుంది, ఫోన్ చేసేది మాత్రం నకలే. ఫైర్‌వాల్‌కి కనిపించేది బయటి నుంచి వచ్చిన కాల్. కట్ చేసేస్తుంది.

ఎవరు ఫోన్ చేశారు, ఎవరు మాట్లాడారు

మామూలు ఫైర్‌వాల్ డేటా ఎటు ప్రవహిస్తోందో పట్టించుకోదు. కనెక్షన్ ఎవరు మొదలుపెట్టారన్నదే చూస్తుంది. లోపలి వాళ్లు మొదలుపెట్టిన కనెక్షన్‌ని గుర్తుపెట్టుకుని, దాని మీద రెండు వైపులా రాకపోకలు సాగనిస్తుంది. మీరు బ్రౌజర్‌లో పేజీ తెరిచినప్పుడు జవాబు లోపలికి వస్తున్నది ఇలాగే.

కాల్ రేట్లు మండిపోయిన రోజుల్లో ఇంటికి మిస్డ్ కాల్ ఇస్తే, అటునుంచి నాన్న ‘నువ్వు పెట్టేయ్, నేను చేస్తా’ అనేవారు. ఫోన్ చేసింది నాన్న, ఊళ్లో విషయాలు అడిగింది మనం, చెప్పింది అమ్మ. ఎవరు డయల్ చేశారన్నదానికీ ఎవరు మాట్లాడారన్నదానికీ సంబంధం లేదు. మనం చేయబోయేదీ అదే. ఎర్రగడ్డ లోపలికి ఫోన్ చేయలేదు కాబట్టి ఫిల్మ్‌నగరే ఎర్రగడ్డకి చేస్తుంది. ఆ తెరిచిన లైను మీద ఎర్రగడ్డ తన ప్రశ్న అడుగుతుంది. దీన్ని రివర్స్ టనెల్ అంటారు, ఎస్‌ఎస్‌హెచ్‌లో ఎప్పటినుంచో ఉంది.

చేసే ముందు ఒక మాట. ఫైర్‌వాల్ చూసుకునే మనిషికి చెప్పకుండా ఇది చేయకండి. సాంకేతికంగా కుదరడం వేరు, చేయొచ్చు అనడం వేరు. వెబ్ ట్రాఫిక్ కోసం 443 తెరిచి ఉంది కదా అని అందులోంచి ఎస్‌ఎస్‌హెచ్ దూర్చే ఉపాయాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. లోతుగా తనిఖీ చేసే ఫైర్‌వాల్ ముందు అది నిలవదు కూడా. ఎస్‌ఎస్‌హెచ్ మొదటి పలకరింపులోనే తన పేరు తెరిచిన అక్షరాలతో చెప్పుకుంటుంది. దానికంటే అడగడం తేలిక. ‘ఫలానా సర్వర్ నుంచి, ఫలానా ఒక్క ఐపీ అడ్రస్‌కి, పోర్టు 22, బయటికి మాత్రమే’ అని ఒక్క రూల్ అడగండి. లోపలికి ఏమీ తెరవక్కర్లేదని తెలిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

పనిలోకి దిగుదాం

కింద సెట్టింగుల పేర్లు చదవడానికి వీలుగా విడదీసి రాస్తున్నాను. ఫైల్లో రాసేటప్పుడు ఖాళీలు ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టుకోండి.

ఎర్రగడ్డలో బయటికి కనిపించే స్థిరమైన ఐపీ అడ్రస్ ఉండాలి. చాలా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లలో అడ్రస్‌ని వందల ఇళ్లు పంచుకుంటాయి. బయటి నుంచి మీ సర్వర్‌ని వెతుక్కుంటూ ఎవరూ రాలేరు. నెలకి కొంత కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి. అది కుదరకపోతే క్లౌడ్‌లో ఒక చిన్న మెషీన్ అద్దెకు తీసుకుని రెండు వైపుల నుంచీ దానికే ఫోన్ చేయించొచ్చు. అప్పుడు ఆ మెషీన్ దగ్గర ఎస్‌ఎస్‌హెచ్ రక్షణ ముగిసిపోతుంది కాబట్టి పోస్ట్‌గ్రెస్ సొంత టీఎల్‌ఎస్ కూడా ఆన్ చేయడం తప్పనిసరి.

ఫిల్మ్‌నగర్ సర్వర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌ని పెద్ద ‘ఆర్’ ఆప్షన్‌తో నడుపుతాం. దాని అర్థం ఇది: ఎర్రగడ్డ మెషీన్‌లో 5433 పోర్టు తెరువు, అక్కడికి ఎవరు వచ్చినా ఈ లైను మీద తీసుకొచ్చి నా దగ్గరి 5432కి కలుపు. షెల్ అక్కర్లేదు కాబట్టి పెద్ద ‘ఎన్’ ఆప్షన్ కూడా. ఎర్రగడ్డలో ఈ పనికోసం వేరే యూజర్ పెట్టి, వాడి ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో కీకి ముందు ‘రెస్ట్రిక్ట్’, ‘పోర్ట్ ఫార్వర్డింగ్’, ‘పర్మిట్ లిజన్’ అని రాసి 5433 ఒక్కటే అనుమతించండి. ఆ కీ ఎవరి చేతిలో పడినా ఎర్రగడ్డలో రివర్స్ టనెల్ కోసం 5433 తప్ప ఇంకో పోర్టు తెరవలేరు.

ప్రైమరీలో రెప్లికేషన్ హక్కు మాత్రమే ఉన్న యూజర్‌ని తయారుచేయాలి, సూపర్‌యూజర్ వద్దు. పీజీ హెచ్‌బీఏ ఫైల్లో ఆ యూజర్‌కి ఒక వరుస రాయాలి. డేటాబేస్ గడిలో ‘ఆల్’ అని రాసి, ఎందుకు రావట్లేదని గంటలు కొట్టుకునేవాళ్లు ఎక్కువ. రెప్లికేషన్ కనెక్షన్‌కి ‘ఆల్’ వర్తించదు, ఆ గడిలో ‘రెప్లికేషన్’ అనే మాటే ఉండాలి.

అదే ఫైల్లో ఇంకో ఉచ్చు ఉంది. టనెల్ మీదుగా వచ్చే ఎర్రగడ్డ స్టాండ్‌బై ప్రైమరీ కళ్లకి ఎర్రగడ్డ నుంచి వచ్చినట్టు కనిపించదు, 127.0.0.1 నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. అంటే ఇంట్లోవాళ్లు అనుకుంటుంది. చేత్తో ఇనిట్‌డీబీ చేసి వదిలేసిన పోస్ట్‌గ్రెస్‌లో 127.0.0.1కి ‘ట్రస్ట్’ అని ఉంటుంది, పాస్‌వర్డ్ అడగదు. టనెల్ వేసిన క్షణం నుంచి ఎర్రగడ్డ మెషీన్‌లో లాగిన్ అయిన ప్రతివాడూ ఫిల్మ్‌నగర్ డేటాబేస్‌కి ఇంట్లోవాడే. ఆ వరుసల్లో ‘ట్రస్ట్’ తీసేసి స్క్రామ్ పాస్‌వర్డ్ పెట్టాకే టనెల్ వేయండి. రిజాల్వ్‌తో వచ్చే డిఫాల్ట్ పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలుసు, అదీ మార్చండి.

మిగతాది తేలిక. ఎర్రగడ్డలో పీజీ బేస్ బ్యాకప్ కమాండ్‌ని లోకల్‌హోస్ట్, 5433కి గురిపెట్టి నడపాలి. పెద్ద ‘ఆర్’ ఇస్తే స్టాండ్‌బైకి కావాల్సిన సెట్టింగులు అదే రాసుకుంటుంది. పెద్ద ‘సి’, పెద్ద ‘ఎస్’ ఇస్తే రెప్లికేషన్ స్లాట్ కూడా తయారవుతుంది. పగలు చేస్తుంటే ‘మ్యాక్స్ రేట్’ పెట్టి వేగం తగ్గించండి, లేకపోతే ఆఫీసు లైను మొత్తం అదే తినేస్తుంది. రెండు వైపులా ఒకే మేజర్ వెర్షన్, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. అక్షరక్రమం విషయంలో సిస్టమ్‌కీ సిస్టమ్‌కీ తేడాలుంటాయి. క్రమం మారితే నకల్లోని ఇండెక్సులు తప్పు జవాబు ఇస్తాయి. ప్రాజెక్టుల పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

చచ్చినా వదలని లైను

టనెల్ వేయడం పది నిమిషాల పని. దాన్ని నెలల తరబడి నిలబెట్టడమే కష్టం. కరెంటు పోయి వస్తుంది, ఫైర్‌వాల్ రీస్టార్ట్ అవుతుంది, తనకి గుర్తున్న కనెక్షన్లన్నీ మర్చిపోతుంది. రెండు వైపులా ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం లైను బతికే ఉందనుకుని అలాగే కూర్చుంటుంది. మధ్యలో తీగ తెగిందని ఎవరూ చెప్పరు.

అందుకే ఫిల్మ్‌నగర్ వైపు ‘సర్వర్ అలైవ్ ఇంటర్వల్’ 15, ‘కౌంట్ మ్యాక్స్’ 3 పెట్టండి. 45 సెకన్లు పలుకు లేకపోతే లైను వదిలేస్తుంది. సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టి, ఆగితే పది సెకన్లలో మళ్లీ మొదలయ్యేలా చేయండి. ఇంతవరకు అందరూ చేస్తారు. మర్చిపోయేది ఎర్రగడ్డ వైపు. అక్కడి పాత ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ ఇంకా 5433ని పట్టుకునే ఉంటుంది. కొత్త టనెల్ వచ్చి ఆ పోర్టు అడిగితే దొరకదు. లాగిన్ అవుతుంది, పోర్టు తెరుచుకోదు, కానీ సర్వీసు మాత్రం ‘రన్నింగ్’ అని పచ్చగా చూపిస్తుంది. దీనికి మందు రెండు భాగాలు. ఎర్రగడ్డ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ‘క్లయింట్ అలైవ్ ఇంటర్వల్’ పెట్టాలి, చచ్చిన సెషన్‌ని అదే తీసేస్తుంది. ఫిల్మ్‌నగర్ వైపు ‘ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్’ ఆన్ చేయాలి, పోర్టు దొరకకపోతే పచ్చగా నటించకుండా బయటికి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది.

కాపాడాల్సిందే ముంచితే

ఈ పాఠంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

రెప్లికేషన్ స్లాట్ అంటే ప్రైమరీ స్టాండ్‌బైకి ఇచ్చిన మాట. ‘నువ్వు తీసుకునేదాకా చిట్టాలో ఒక్క కాగితం కూడా పారేయను’ అని. మంచి మాటే, చిన్న అంతరాయాలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ స్టాండ్‌బై అసలు రాకపోతే? కాగితాలు పేరుకుపోతూనే ఉంటాయి.

లెక్క వేద్దాం. చిట్టా 16 ఎంబీ ముక్కలుగా ఉంటుంది. పని నడుస్తున్న స్టూడియోలో నిమిషానికి ఒక ముక్క నిండుతుందనుకుంటే గంటకి 960 ఎంబీ, రోజుకి సుమారు 23 జీబీ. డిస్క్‌లో ఖాళీ 100 జీబీ ఉంది. శుక్రవారం సాయంత్రం టనెల్ పడిపోయింది. దసరా సెలవులు, ఐటీ చూసుకునే అబ్బాయి ఊరెళ్లాడు. గ్రేడింగ్ మాత్రం ఆగలేదు, విడుదల తేదీ దగ్గరపడింది కదా. మంగళవారం రాత్రికల్లా డిస్క్ నిండుతుంది. చిట్టా రాయడానికి చోటు లేకపోతే పోస్ట్‌గ్రెస్ రాజీపడదు, ‘పానిక్’ అని చెప్పి ఆగిపోతుంది. ఎర్రగడ్డలో లైను తెగినందుకు ఫిల్మ్‌నగర్‌లో ఆరు మెషీన్లూ ఆగిపోయాయి. నకలు లేకపోతే ఆ రోజు ఏ గొడవా ఉండేది కాదు.

13వ వెర్షన్ నుంచి దీనికి కళ్లెం ఉంది, ‘మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్’. దానికి 40 జీబీ అని ఇస్తే, స్టాండ్‌బై అంతకంటే వెనకబడినప్పుడు ప్రైమరీ ఇచ్చిన మాట తప్పుతుంది, పాత కాగితాలు పారేస్తుంది. నకలు పాడవుతుంది, మళ్లీ మొదటి నుంచి కాపీ చేసుకోవాలి. నా దృష్టిలో అదే న్యాయం. నకలు కోసం మూలాన్ని బలిపెట్టే సెట్టింగ్ ఏ స్టూడియోకీ పనికిరాదు. ఈ విలువకి డిఫాల్ట్ ‘పరిమితి లేదు’ అని, కాబట్టి ఎవరూ పెట్టకపోతే కళ్లెం లేనట్టే. పాత ఇన్‌స్టలేషన్లలో 9.5 ఇంకా ఉంటే ఈ సెట్టింగే లేదు, అక్కడ స్లాట్ వాడకుండా ‘వాల్ కీప్ సెగ్మెంట్స్’తో సరిపెట్టుకోవడం క్షేమం.

సింక్రనస్ రెప్లికేషన్ కూడా ఈ కారణంగానే వద్దంటాను. అందులో ఎర్రగడ్డ ‘అందింది’ అనేదాకా ఫిల్మ్‌నగర్‌లో కమిట్ పూర్తికాదు. లైను తెగితే ఎడిటర్ సేవ్ నొక్కి గోడ వైపు చూస్తూ కూర్చోవాలి. రెండు మూడు సెకన్ల వెనకబాటుకి ఒప్పుకోండి.

వెనకబాటు ఎంతో రోజూ ఎవరో ఒకరు చూడాలి, లేదా ఒక స్క్రిప్ట్ చూడాలి. ప్రైమరీలో ‘పీజీ రెప్లికేషన్ స్లాట్స్’ వ్యూలో స్లాట్ యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది, ఎక్కడిదాకా చదివిందో తెలుస్తుంది. ఐదు నిమిషాలకి మించి యాక్టివ్‌గా లేకపోతే మెసేజ్ వెళ్లేలా పెట్టండి. ఊరెళ్లిన అబ్బాయికి కాకుండా ఇంకొకరికి కూడా.

బయటికి ఒక్క కనెక్షన్ కూడా ఇవ్వం అనే చోట్లా ఉంటాయి. అక్కడ ‘ఆర్కైవ్ కమాండ్’ దిక్కు. నిండిన ప్రతి 16 ఎంబీ ముక్కనీ ఒక ఫోల్డర్‌లో పెట్టిస్తే, అక్కడి నుంచి అనుమతి ఉన్న దారిలో పంపొచ్చు, చివరికి సీల్ వేసిన హార్డ్ డిస్క్‌లో బండి మీద ఎర్రగడ్డకి పంపినా స్టాండ్‌బై దాన్ని చదువుకుంటుంది. వెనకబాటు సెకన్ల నుంచి గంటలకి పెరుగుతుంది, అంతే.

నకలు బ్యాకప్ కాదు

ఎవరో పొరపాటున ఫిల్మ్‌నగర్‌లో ప్రాజెక్టు డిలీట్ చేస్తే ఆ డిలీట్ కూడా చిట్టాలో పడుతుంది, రెండు సెకన్లలో ఎర్రగడ్డలోనూ ప్రాజెక్టు మాయం. ‘రికవరీ మిన్ అప్లై డిలే’ పెట్టి నకల్ని కావాలని ఒక గంట వెనక ఉంచొచ్చు. అయినా రాత్రి బ్యాకప్ మానకూడదు. ఇంకోటి, నాలుగైదు కిలోమీటర్ల దూరం డిస్క్ పోయినా, గదిలో నిప్పు పుట్టినా కాపాడుతుంది. ఊరంతటికీ వచ్చే ఆపదకి సరిపోదు.

రెండు చోట్లా రాసుకునేలా పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. రైల్వే రిజర్వేషన్ ఉదాహరణ చూడండి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అని ఐదు కేంద్రాలని 1999కల్లా కలిపారు. ఒక్కో బండి సీట్ల లెక్క మాత్రం ఒక్కో కేంద్రంలోనే ఉంచారు. సికింద్రాబాద్ కౌంటర్‌లో ఢిల్లీ కేంద్రం బండికి టికెట్ అడిగితే ఆ ప్రశ్న ఢిల్లీ వెళ్తుంది. ఒకే బెర్తు ఇద్దరికి అమ్మకూడదంటే రాసే చోటు ఒకటే ఉండాలి. మన స్టూడియోకీ అంతే.

కాబట్టి ఫిల్మ్‌నగర్ సర్వర్ నిజంగా పోయిన రోజు, ముందు అది మళ్లీ లేవకుండా పవర్ కేబుల్ పీకండి. ఆ తర్వాతే ఎర్రగడ్డలో ‘ప్రమోట్’ చేయండి. వరుస తప్పితే రెండు ప్రైమరీలు, రెండు రకాల నిజాలు. అప్పుడు అందరికీ తట్టే ప్రశ్న ఒకటుంది, ముందే తట్టాలి. ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లోని ఆరు మెషీన్లూ ఎర్రగడ్డ డేటాబేస్‌కి ఎలా వెళ్తాయి? రివర్స్ టనెల్ వేసిన సర్వర్ చచ్చిపోయింది, లైను కూడా దానితోనే పోయింది. ఈసారి ఫోన్ చేయాల్సిందీ, అడగాల్సిందీ ఫిల్మ్‌నగరే. కాబట్టి లోపలి ఇంకో మెషీన్ నుంచి మామూలు టనెల్, పెద్ద ‘ఎల్’ ఆప్షన్‌తో. ఫైర్‌వాల్ రూల్ చచ్చిన సర్వర్ ఐపీకి మాత్రమే ఇచ్చారు కదా, ఆ రెండో మెషీన్ ఐపీని కూడా మొదటి రోజు దరఖాస్తులోనే రాయించుకోండి. విడుదలకి వారం ముందు రాత్రి పదకొండింటికి ఫైర్‌వాల్ అడ్మిన్ ఫోన్ ఎత్తుతారో లేదో ఎవరికి తెలుసు.